పూల్ లీకవుతోందని తొందరపడి ఖాళీ చెయ్యకు

చిన్నా,

పూల్‌లో నీళ్ళు తగ్గిపోతున్నాయి, మొత్తం తోడేసి చూద్దామనుకుంటున్నా అని రాశావు కదా, పంపు పెట్టేముందు ఇది పూర్తిగా చదువు.

లీకైన నీళ్ళు ఎక్కడికీ పోవు నాన్నా, పూల్ చుట్టూ ఉన్న మట్టిలోనే ఉంటాయి, వానలు కూడా పడుంటే ఇంకా ఎక్కువ. లోపల నీళ్ళున్నంతసేపు ఆ బరువు బయటి నీళ్ళని ఆపుతుంది, తీసేస్తే కింద నుంచి తోసేదాన్ని ఆపేది ఉండదు. పూల్ అడుగుభాగం కంటే మీటరు ఎత్తున భూగర్భజలం ఉందంటే చదరపు మీటరుకి 1000 కిలోలు పైకి నెడుతుంది, 15 సెంటీమీటర్ల కాంక్రీట్ ఫ్లోర్ బరువు చూస్తే చదరపు మీటరుకి 360 కిలోలే. నేను ఇది తెలీక వానలు తగ్గిన వారానికే ఖాళీ చేయించా, పొద్దున లేచి చూస్తే లోతు వైపు ఫ్లోర్ ఉబ్బి అడ్డంగా పగిలుంది. అసలు లీకేమో స్కిమ్మర్ (నీళ్ళ మీద తేలే చెత్తని లాక్కునే, గోడలోని మూతి) పక్కన వేలెడంత చీలిక, నీళ్ళలోనే ఎపాక్సీ పుట్టీ పెడితే అయిపోయేది. ఇప్పటికీ ఆ పగులు గుర్తొస్తే బాధేస్తుంది నాకు.

అందుకే ముందు నిజంగా లీకేనా చూడు. బకెట్‌లో పూల్ నీళ్ళు నింపి మెట్టు మీద పెట్టి, లోపల ఒక గీత, బయట పూల్ మట్టం దగ్గర ఒక గీత గియ్యి, నీళ్ళు తగ్గితే దానంతటదే నింపే ఆటో ఫిల్ ఉంటే ఆపెయ్యి, 24 గంటల తర్వాత చూడు. రెండూ సమానంగా తగ్గితే అది ఎండకి ఆవిరైపోవడమే, రోజుకి 5, 6 మిల్లీమీటర్లు మామూలే. బయట ఎక్కువ తగ్గితే లీకే. పూల్ నీళ్ళని తిప్పే పంపుని ఒకరోజు నడిపి, ఒకరోజు ఆపి ఇలా చెయ్యి, నడిచినప్పుడే ఎక్కువ పోతుంటే పూల్‌లోకి నీళ్ళు తిరిగొచ్చే పైపుల్ని అనుమానించాలి.

లీకే అని తేలాక ఆ తిప్పే పంపు ఆపేసి నీళ్ళని వాటంతట అవే తగ్గనివ్వు, ఎక్కడ ఆగుతాయో అదే నీకు చోటు చెప్తుంది. స్కిమ్మర్ మూతి దగ్గర ఆగిందా, లైటు దగ్గరా, నీళ్ళు తిరిగొచ్చే రిటర్న్ మూతి దగ్గరా, అక్కడ సిరంజితో కొంచెం రంగునీళ్ళు వదులు, లోపలికి లాక్కుంటే దొరికినట్టే. ఎక్కడా ఆగకపోతే అడుగున ఉండే మెయిన్ డ్రైనో ఫ్లోరో, దానికి డైవర్‌ని పిలిపించు. లోపల ప్లాస్టిక్ షీటు పరిచిన వినైల్ లైనర్ పూల్ అయితే మాత్రం లోతు తక్కువ వైపు ఒక అడుగు ఎత్తు నీళ్ళైనా ఉంచాలి, లేదంటే లైనర్ జారిపోతుంది, ముడుచుకుంటుంది, పాతదైతే తిరిగి నింపేటప్పుడు చిరుగుతుంది కూడా. ఫైబర్‌గ్లాస్ అయితే గోడలు లోపలికి ఉబ్బుతాయి, కంపెనీ వాళ్ళని అడక్కుండా అసలు ముట్టుకోకు.

పెద్ద పగులుండి ఖాళీ చెయ్యక తప్పదంటే బాగా ఎండిన రోజుల్లో చెయ్యి, పక్కన గొయ్యి తవ్వి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూసుకో, అడుగున హైడ్రోస్టాటిక్ వాల్వ్ (కింది నీళ్ళ ఒత్తిడి పెరిగితే వాటిని పూల్‌లోకి వదిలేది) ఉందో లేదో, తెరుచుకుంటుందో లేదో చూపించు, పని అయిన వెంటనే నింపెయ్యి. ఖాళీగా ఉన్నన్నాళ్ళూ చుట్టూ కంచె కట్టించు, పిల్లలు పడితే కింద నీళ్ళుండవు.

ఇవాళే బకెట్ పెట్టు. రేపు ఆ రెండు గీతల తేడా ఎంతొచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పు, అప్పటిదాకా తోడేవాళ్ళని రమ్మనకు.

మీ పెదనాన్న