పాత అసెంబుల్డ్ కంప్యూటర్‌ని విండోస్ 11కి మార్చవచ్చా? మా ఇంట్లో చేసింది చెబుతాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 2018లో అసెంబుల్ చేయించిన ఇంటి కంప్యూటర్, ఎనిమిదో జనరేషన్ ఐ3 ప్రాసెసర్, అందులో విండోస్ 10. పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ పరీక్ష ప్రోగ్రామ్ నడిపితే విండోస్ 11కి ఇది పనికిరాదని చూపిస్తోంది. షాపతను కొత్తది కొనమంటున్నాడు. కొనాల్సిందేనా, మారిస్తే పదేళ్ల ఫొటోలు పోతాయా అని మీ భయం.

కొత్తది కొనకండి, ముందు ఇది చదవండి. మాదీ దాదాపు అదే మెషీన్. ఐ3 8100, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. మాకూ అదే ఎర్ర గుర్తు వచ్చింది. ఇప్పుడు అదే మెషీన్‌లో విండోస్ 11 హాయిగా నడుస్తోంది.

పనికిరాదు అన్నాక కింద కారణం రాసి ఉంటుంది, చాలామంది అక్కడిదాకా చూడరు. ప్రాసెసర్ సపోర్ట్ లేదు అని ఉంటే అది వేరే కథ, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి విండోస్ 11 జాబితాలో ఉన్నాయి కాబట్టి మీకు ఆ బాధ లేదు. మీకు కనిపించేది బహుశా టీపీఎం 2.0 (తాళాలు, కీలు దాచే సెక్యూరిటీ చిప్) లేదు, సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రామ్‌లనే నడవనిచ్చే కాపలా) లేదు అనే రెండు మాటలు. నిజానికి ఆ రెండూ మీ బోర్డులోనే ఉండి ఉంటాయి, ఎవరూ ఆన్ చేయలేదు, అంతే. మా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో, టీపీఎం అనే పేరే కనబడలేదు. ఇంటెల్ దాన్ని పీటీటీ అంటుంది, ఏఎండీ బోర్డుల్లో అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి లోపలికి వెళ్లి, ఆ పీటీటీని ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి వస్తే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం దగ్గరే మన అసెంబుల్డ్ మెషీన్లకు చిక్కు. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. అందులో బయోస్ మోడ్ అనే వరుసకు ఎదురుగా లెగసీ అని ఉందా, యూఈఎఫ్ఐ అని ఉందా చూడండి. మాకు లెగసీ అని ఉంది. అంటే మెషీన్ కొత్తదే అయినా విండోస్ మాత్రం పాతకాలం పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత డిస్క్ అమరిక మీద వేసి ఇచ్చారు. సెక్యూర్ బూట్ పనిచేయాలంటే యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో మెషీన్ మొదలవ్వాలి, దానికి డిస్క్ జీపీటీ అనే కొత్త అమరికలో ఉండాలి. విండోస్‌లోనే ఎంబీఆర్‌టుజీపీటీ అనే టూల్ ఉంది, డేటా పోకుండా మారుస్తుంది. కానీ డిస్క్‌లో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మళ్లీ చిన్న ముక్కలు చేసిన పెద్ద ముక్క) ఉంటే అది ఒప్పుకోదు. మన దగ్గర షాపుల్లో ఎలా ఇస్తారో మీకు తెలిసిందే కదా: సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు ముక్కలు. డి నుంచి మిగతావన్నీ సాధారణంగా ఆ ఎక్స్‌టెండెడ్‌లోనే ఉంటాయి. మాకు ఆ టూల్ మొదటి పరీక్షలోనే ఆగిపోయింది.

అప్పుడు ఆలోచించి ఆ పాత డిస్క్ జోలికి పోకూడదనుకున్నాను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి 500 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్) తెచ్చాను, అప్పట్లో మూడు వేల లోపే అయింది. విండోస్ 11ని దాని మీద తాజాగా వేశాను. మీకూ ఇదే చెబుతాను. హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 వేస్తే కంప్యూటర్ మొదలవడానికే టీ తాగేంత టైమ్ పడుతుంది. ఎస్ఎస్‌డీ మీద అయితే మెషీన్ మారిపోయిందా అన్నంత తేడా ఉంటుంది. షాపతను కొత్తది కొనండి అన్నప్పుడు నిజంగా కొనాల్సింది ఈ ఒక్క ముక్కే.

ఇక ఫొటోల సంగతి. అసలు పని ఇక్కడుంది, విండోస్ వేయడం గంట పనే.

నేను ముందు ఒక బయటి డిస్క్ తెచ్చి ఫొటోలు, వీడియోలు, నాన్న ఫైళ్లు అన్నీ దాంట్లోకి కాపీ కొట్టాను. మొత్తం 310 జీబీ, ఒక రాత్రంతా పట్టింది. పొద్దున లేచి చూస్తే ఫోల్డర్లన్నీ కనిపిస్తున్నాయి, అయిపోయింది అనుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి రెండు వైపులా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచాను. ఒక పక్క 41,306 ఫైళ్లు, ఇంకో పక్క 41,298. ఎనిమిది తక్కువ. ఏవో వెతికి పట్టుకుని పాత డిస్క్‌లోనే తెరిచి చూస్తే, అక్కడా తెరుచుకోవడం లేదు. అప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూశాను. డిస్క్ ఆరోగ్యం దగ్గర పసుపు రంగులో కాషన్ అని ఉంది. అంటే ఆ డిస్క్ ఎప్పటినుంచో లోపల్లోపల పాడవుతోంది, మాకు తెలియలేదు. ఎనిమిదింటిలో ఆరు మళ్లీ మళ్లీ సేవ్ అయిన ఫొటోలే. మిగతా రెండూ మా నానమ్మ చివరి సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేస్తున్న వీడియోలు. చెల్లి ఫోన్‌లో అవి ఉండబట్టి దొరికాయి. నాణ్యత కాస్త తగ్గింది, అయినా దొరికాయి.

అందుకే మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను: కాపీ అయిందని వదిలేయకండి. లెక్క సరిచూడండి. ప్రతి ఫోల్డర్ నుంచి రెండో మూడో ఫైళ్లను కాపీ చేసిన చోట తెరిచి చూడండి, వీడియో అయితే మధ్యలోకి జరిపి చూడండి. డెస్క్‌టాప్ మీద పెట్టినవి, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి, డాక్యుమెంట్స్‌లో ఉన్నవి మరిచిపోకండి, అవన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు కూడా.

దీనితోపాటు ఇంకోటి కాపీ చేయాలని నాకు తట్టలేదు. నాన్న ఇరవై ఏళ్లుగా మా ఊరి జ్ఞాపకాలు టైపు చేసుకుంటున్నారు. మొదట్లో రాసినవన్నీ అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో, యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) రాకముందు పద్ధతిలో ఉన్నాయి. కొత్త విండోస్‌లో ఆ ఫైల్ తెరిస్తే తెలుగు ఒక్క అక్షరం లేదు, పేజీ నిండా చుక్కలు, గీతలు, ఏవో యూరప్ అక్షరాలు. నాన్న ముఖం చూడలేకపోయాను. ఫైల్ పాడవలేదు, ఆ ఫాంట్ లేకపోవడం వల్ల అలా కనిపిస్తుంది. పాత డిస్క్‌ని ఫార్మాట్ చేయకుండా బీరువాలో పెట్టాను కాబట్టి బతికాం. అందులోని విండోస్ ఫోల్డర్, దాని లోపల ఫాంట్స్ నుంచి ఆ ఫాంట్లు తెచ్చి ఇన్‌స్టాల్ చేస్తే వాక్యాలు మళ్లీ వచ్చాయి. మీ ఇంట్లో పెళ్లి శుభలేఖలో, సంఘం లెటర్లో అలాంటి ఫాంట్లలో ఉంటే ముందే ఆ ఫోల్డర్ పక్కన పెట్టుకోండి. కొత్తగా రాసేదానికి మాత్రం ఇక అవి వద్దు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ దగ్గర తెలుగు చేర్చుకుంటే ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. నాన్న వారంలో అలవాటు పడ్డారు.

లైసెన్స్ గురించి ఒక మాట. విండోస్ 10 సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూడండి. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది అని ఉంటే నిశ్చింత, విండోస్ 11 ఉచితం. ఆ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్క్ మార్చినా పోదు. మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా అయింది అని ఉంటే ఆగండి. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి ఆర్గనైజేషన్ ఎక్కడిది? షాపులో క్రాక్ చేసి ఇచ్చి ఉంటారు. అలాంటిదైతే లైసెన్స్ కొనుక్కోవాల్సిందే. బ్యాంకు పనులు చేసుకునే మెషీన్‌లో ఎవరో రాసిన క్రాక్ ఉండటం మంచిది కాదు.

ఇన్‌స్టాల్ చేసే రోజు నేను చేసింది ఇదీ. ముందే 8 జీబీ పెన్ డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ 11 ఎక్కించుకున్నాను. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకేశాను. ఇది తప్పకుండా చేయండి. ఇన్‌స్టాల్ మధ్యలో ఏ డిస్క్ అని అడిగినప్పుడు జాబితాలో ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంటుంది, పొరపాటున ఫొటోలున్న డిస్క్ చెరిపేసే అవకాశమే ఉండదు. తర్వాత బయోస్‌లో సీఎస్ఎం (పాత లెగసీ పద్ధతిని నడిపించే సెట్టింగ్) ఆపేసి, సెక్యూర్ బూట్ ఆన్ చేసి, పెన్ డ్రైవ్ నుంచి మొదలుపెట్టాను. ఖాళీ డిస్క్ కాబట్టి అదే జీపీటీ చేసుకుంది. ప్రొడక్ట్ కీ అడిగితే లేదు అని చెప్పి, పాతదాంట్లో హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో, అదే ఎంచుకోవాలి. నెట్ తగలగానే తనంతట తనే యాక్టివేట్ అయింది. యూపీఎస్ లేకపోతే ఎవరి దగ్గరైనా తెచ్చుకోండి, కరెంటు పోతుందేమో అన్న టెన్షన్‌తో ఈ పని చేయలేం.

అకౌంట్ దగ్గర జాగ్రత్త. హోమ్ ఎడిషన్ మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. ఏ మెయిల్ ఐడీ ఇచ్చారో ఇంటి డైరీలో రాసిపెట్టండి. దీని వెనక మా చెల్లి లాప్‌టాప్ గొడవ ఉంది. నేను దాన్ని విండోస్ 11కి మార్చేముందు బయోస్ అప్‌డేట్ చేశాను. తిరిగి ఆన్ చేస్తే నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ ఇవ్వమంది. అందులో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డిస్క్‌ని ఎవరూ చదవలేకుండా తాళం వేయడం) ఆన్ అయి ఉందని మా ఇద్దరికీ తెలియదు, బయోస్ మారితే ఇలా అడగడం సహజమే. ముందు దాన్ని తాత్కాలికంగా ఆపి ఉండాల్సింది నేను. కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాగి ఉంటుంది, కానీ ఏ అకౌంట్? లాప్‌టాప్ కొన్నరోజు షాపులోనే సెటప్ చేసి ఇచ్చారు. సగం రోజు వెతికాక అది చెల్లి కాలేజీ రోజుల నాటి మెయిల్ ఐడీ అని తేలింది. అప్పటిదాకా తన పీజీ ప్రాజెక్ట్ అంతా ఆ తాళం వెనకే ఉండిపోయింది. ఇప్పుడు కొత్తగా విండోస్ 11 వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా కంప్యూటర్లలో ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. కాబట్టి ఇన్‌స్టాల్ అయిన రోజే మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్‌లోకి వెళ్లి, మీ డివైజ్ పేరు కింద ఉన్న ఆ రికవరీ కీ ప్రింట్ తీసి కాగితం మీద ఉంచుకోండి.

ప్రింటర్ గురించి మీరు అడగలేదు గానీ, పాత లేజర్ ప్రింటర్ ఉంటే విండోస్ 10 కోసం ఇచ్చిన 64 బిట్ డ్రైవర్ చాలావరకు 11లోనూ పనిచేస్తుంది. మాది పనిచేసింది. 32 బిట్ డ్రైవర్ మాత్రం పనిచేయదు.

ఇక ప్రాసెసరే జాబితాలో లేనివాళ్ల సంగతి. మా మావయ్య లాప్‌టాప్ ఏడో జనరేషన్ ఐ5. దానికి దొడ్డిదారిలో విండోస్ 11 వేసే వీడియోలు బోలెడున్నాయి, ఆయన కూడా నాకు రెండు పంపించారు. నేను వద్దన్నాను. అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. ఆయన దాంట్లో కరెంటు బిల్లు కడతారు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు చూసుకుంటారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు ఉంటుంది. సెట్టింగ్స్‌ని అకౌంట్‌కి సింక్ చేస్తే డబ్బు కూడా అక్కర్లేదు. మావయ్యని అందులో చేర్చాను. ఆ గడువులోపు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారుద్దామని ఇప్పటినుంచే పెన్ డ్రైవ్ మీద చూపిస్తున్నాను, ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది కాబట్టి ఆయనకు భయం లేదు. పేపర్ చదవడం, యూట్యూబ్, బిల్లులు, ఆయనకు కావాల్సినవన్నీ బ్రౌజర్‌లోనే ఉన్నాయి.

మీరు ఈ ఆదివారమే మొదలుపెట్టేటట్టయితే ముందు కాపీ, లెక్క చూసుకోండి. తర్వాత సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ప్రాసెసర్, బయోస్ మోడ్, బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అనే మూడు వరుసలు ఇక్కడ రాయండి. మీ బోర్డులో పీటీటీ ఏ మెనూలో ఉంటుందో చూసి చెబుతాను.