పడుకోగానే మొదలయ్యే ఆలోచనల గురించి

పగలంతా పని బాగానే సాగినా, మేనేజర్ అన్న ఒక్క మాట రాత్రి పడుకోగానే తిరిగి తిరిగి గుర్తొస్తోందని రాశారు. "ఉన్నదానికి సంతోషించు" అని అందరూ చెబుతుంటే ఇంకా చిరాకేస్తోందని కూడా అన్నారు. ఆ చిరాకులో న్యాయం ఉందండీ. బాధను లోపలే నొక్కేసుకుని కృతజ్ఞత తెచ్చిపెట్టుకోలేం.

మనసు మంచికన్నా చెడునే గట్టిగా పట్టుకుంటుంది. అది మీ ఒక్కరి లోపం కాదు. అందుకే మంచిని కావాలని వెతుక్కోవాలి. 2005లో అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం ప్రచురించిన పరిశోధనలో కొందరు వారం పాటు రోజూ రాత్రి, ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు, అవి ఎందుకు జరిగాయో రాశారు. వాళ్లలో దిగులు తగ్గింది, ఆరు నెలల తర్వాత కూడా ఆ తేడా కనిపించింది.

మీరూ అలాగే రాసి చూడండి, ఆ "ఎందుకు" మాత్రం వదిలేయకండి. అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం. "అమ్మ ఫోన్ చేసింది" దగ్గర ఆగకుండా, "నిన్న నా గొంతు డల్‌గా ఉందని గమనించి చేసింది" అని రాయండి. ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అని రోజూ అవే రాస్తే మొక్కుబడి అయిపోతుంది. కాగితం మీదే రాయండి, ఫోన్ తీస్తే ముందు ఆఫీసు మెసేజ్‌లే కనిపిస్తాయి.

మేనేజర్ మాట అన్యాయమైతే అది డైరీతో తీరదు, పగటిపూట ఆయనతోనే మాట్లాడాలి.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.