బీమా కంపెనీ అప్పు చేస్తే మా పాలసీ ఏమవుతుంది?

సందేహం: మావారి పేరున పదకొండేళ్లుగా ఒక ప్రైవేటు కంపెనీలో జీవిత బీమా కడుతున్నాం. ఆ కంపెనీ బాండ్ల మీద కోట్ల అప్పు తెచ్చిందని పేపర్లో చదివాను. రేపు అప్పులవాళ్లు మీద పడితే మా డబ్బు సంగతేంటి? పైగా మా ఏజెంటు ఆ బాండ్లే మమ్మల్నీ కొనమంటున్నాడు, ఎఫ్‌డీ లాంటివేనట. స్థలం అమ్మిన డబ్బు చేతిలో ఉంది. పెట్టమంటారా? కాగితం ఫొటో పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, పాలసీ గురించి బెంగపడకండి. మనం ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నట్టు బీమా కంపెనీ తెచ్చుకోలేదు. 1938 నాటి బీమా చట్టం 27వ సెక్షన్ ప్రకారం, పాలసీదార్లకు చెల్లించాల్సిన బాధ్యతల కోసం మదుపు చేసిన ఆస్తుల మీద తాకట్టు గానీ మరే భారం గానీ ఉండకూడదు. 10వ సెక్షన్ మరీ గట్టిది. జీవిత బీమా నిధి పాలసీదార్లకే భరోసా. దాన్ని జీవిత బీమా వ్యాపారానికి తప్ప మరి దేనికీ, నేరుగానైనా చుట్టుతిప్పి అయినా, వాడడానికి వీల్లేదు.

మరి ఈ బాండ్లేమిటి? వీటిని సబార్డినేటెడ్ డెట్ అంటారు, అంటే తీర్చే వరసలో వెనక ఉండే అప్పు. పేరుకు అప్పే గానీ, బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ (దాని ఆఫీసు మన నానక్‌రామ్‌గూడ వైపే ఉంది) దీన్ని మూలధనంలో ఒక రకంగా లెక్కేస్తుంది. ప్రిఫరెన్స్ షేర్లతో (డివిడెండ్ ముందుగా దక్కే షేర్లు) కలిపి ఇది ఈక్విటీ మూలధనం (మామూలు షేర్ల సొమ్ము), షేర్ ప్రీమియం (షేర్ల ముఖవిలువకు మించి వసూలైన సొమ్ము) మొత్తంలో 50 శాతం దాటకూడదు. కంపెనీ నికర విలువలో, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదానిలో, సగాన్నీ మించకూడదు. 2022 చివరిదాకా మొదటి హద్దు 25 శాతమే, ఐఆర్‌డీఏఐ ముందస్తు అనుమతి కూడా కావాల్సి వచ్చేది. ఇప్పుడా అనుమతి అక్కర్లేదు. ఆ ఒక్కటి ఉంచాల్సిందని నా అభిప్రాయం.

అసలు భయమంతా నాకు మీ రెండో ప్రశ్న మీదే. మీరు పంపిన ఫొటోలో అడుగున, వేలితో పెద్దది చేస్తే గానీ కనబడనంత సన్నగా, 'అన్‌సెక్యూర్డ్, సబార్డినేటెడ్' అని ఉంది. అంటే హామీ లేదు, వరసలో వెనక. కంపెనీ మూతపడితే ముందు పాలసీదార్లు, మిగతా అప్పులవాళ్లు తీసుకున్నాకే బాండ్లవాళ్ల వంతు. వాళ్ల వెనక ఉండేది షేర్‌హోల్డర్లే. అదే కంపెనీలో పాలసీదారుగా మీరు ముందు నిలబడి ఉన్నారు; బాండు కొంటే ఆ డబ్బును మీ చేతులతోనే వెనక్కి పంపుతున్నట్టు. సాల్వెన్సీ నిష్పత్తి (కంపెనీకి బాకీలు తీర్చే స్తోమత ఎంతుందో చెప్పే లెక్క) 1.5 కంటే పడిపోతే వడ్డీ కూడా ఆగిపోతుంది. మీ కాగితంలో గడువు పదేళ్లు. ఐదేళ్లకు తీర్చేసే వెసులుబాటు కంపెనీకే ఉంది, అడిగే హక్కు మీకు లేదు. బ్యాంకు ఎఫ్‌డీకి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది, దీనికి పైసా ఉండదు. దివాలా చట్టం కింద ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల కేసులు వినే ట్రిబ్యునల్) లాగుదామన్నా, బీమా కంపెనీలు ఆ చట్టం పరిధిలోకి రావు.

కాబట్టి పెట్టొద్దమ్మా. స్థలం డబ్బు అసలే వద్దు.

పాలసీ విషయంలో మనసు కుదుటపడాలంటే కంపెనీ వెబ్‌సైట్లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ (కంపెనీ అందరికీ వెల్లడించే లెక్కలు) తెరిచి ఎల్-32 ఫారం చూడండి, సాల్వెన్సీ నిష్పత్తి అందులో ఉంటుంది. ఏజెంటు మళ్లీ వస్తే, ఎఫ్‌డీ లాంటిదన్న మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. రేపు బాండు మీద గొడవైతే లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విని తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లి లాభం లేదు, అక్కడ వినేది పాలసీ ఫిర్యాదులే.