జొన్న గింజ అరుగుతుంది, చొప్ప ఎందుకు అరగదు?

కర్నూలు వైపు జొన్నరొట్టె తిని అరిగించుకునే మనకు అదే మొక్క చొప్ప ఎందుకు అరగదన్న ప్రశ్నకు సమాధానం ఆహారాన్ని విడగొట్టే ఎంజైము అనే ప్రోటీను ఆకృతిలో ఉంది. గింజలోని పిండిపదార్థమూ చొప్పలోని సెల్యులోజూ గ్లూకోజు గొలుసులే. అయితే గ్లూకోజులు ఒకదానితో ఒకటి కలిసే తీరు వేరు: మొదటిది ఆల్ఫా బంధాల వల్ల మెలితిరుగుతుంది, రెండవది బీటా బంధాల వల్ల ప్రతి రెండో గ్లూకోజూ తలకిందులై నిటారుగా సాగుతుంది. మన లాలాజలంలోని అమైలేజు అనే ఎంజైము ముడుచుకున్నప్పుడు ఏర్పడే గాడిలో మెలితిరిగిన గొలుసే ఇముడుతుంది, అక్కడ బంధాన్ని తెంచే ఆమ్ల స్వభావపు అమైనో ఆమ్లాలకు (ప్రోటీనులోని చిన్న భాగాలకు) ఆల్ఫా బంధమే సరిగ్గా ఎదురుపడుతుంది. 1894లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ దీన్ని తాళం, తాళంచెవితో పోల్చాడు. ఆ పోలిక కాస్త బిగుతు, ఎందుకంటే అణువు చేరగానే ఎంజైము కూడా కొంత సర్దుకుంటుందని 1958లో అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త కోష్లాండ్ ప్రతిపాదించాడు. ఎద్దుకు సైతం సెల్యులోజును విడగొట్టే సెల్యులేజు అనే ఎంజైము సొంతంగా లేదు. దాని పొట్టలోని సూక్ష్మజీవులే చొప్పను విడగొడతాయి.