పిల్లలకు ముందుగా వంత పాడే చోటివ్వు

చి. ల. సౌ. మేనకోడలికి, అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

నీ ఉత్తరం చేరింది. డల్లాస్‌లో మీ చుట్టుపక్కల పిల్లలకు ఆదివారాలు కథలు, నాటకాలు, పాటలతో మన సంస్కృతిని పరిచయం చేయాలనుకుంటున్నావని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. నువ్వు జతపరచిన ప్రణాళిక కూడా చదివాను. ఒక వారం పండుగలు, ఒక వారం నదులు, ఒక వారం దేవాలయ శిల్పం, ఇంకో వారం శాస్త్రీయ నృత్యాలు అంటూ వరుసగా రాసుకున్నావు. అది శ్రద్ధగా తయారుచేసిన సాంఘికశాస్త్ర పాఠం. వారమంతా బడికి వెళ్ళిన పిల్లలు ఆదివారం మరో బడికి వచ్చి కూర్చోవడానికి ఇష్టపడరు. బడిలో పనిచేసినన్నాళ్ళూ పిల్లల చేత నాటకాలు వేయించినదాన్ని కాబట్టి చనువుగా చెబుతున్నాను, ఆ కాగితాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టు.

మన జానపద కళల్లో దేన్ని చూసినా ప్రధానంగా చెప్పేవారి పక్కన బదులు పలికేవారు తప్పకుండా ఉంటారు. కథ చెప్పే అమ్మమ్మకు ఊకొట్టే మనవరాలు కావాలి. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడికి ఇరువైపులా గుమ్మెటలతో వంతలు నిలబడతారు. హరిదాసు ‘శ్రీమద్రమారమణ గోవిందో హరి’ అన్నప్పుడు సభంతా ‘గోవింద’ అని అందుకోవలసిందే. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు ‘ఉయ్యాలో’ అంటూ చప్పట్లు కలుపుతారు. తెలుగు అర్థమవుతున్నా మాట్లాడడానికి జంకే పిల్లలకు, నలుగురిలో నోరు విప్పడానికి సిగ్గుపడే పిల్లలకు ఇంతకన్నా అనువైన చోటు మరొకటి లేదు. ఆ చోట నిలబడినవాళ్ళు తప్పు చేసినా పదిమంది గొంతుల్లో కలిసిపోతుంది, సరిగ్గా పలికితే మాత్రం కథ తమవల్లే నడిచిందని వాళ్ళకు తెలుస్తుంది. కాబట్టి మొదటి రోజునే ప్రతి పిల్లకూ వంత పాడే చోటివ్వు. ఆ చోట కుదురుకున్నాక కథ చెబుతామని వాళ్ళే ముందుకు వస్తారు.

ఆరంభానికి ఏడు చేపల కథను మించినది నాకు కనబడలేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదని, ఎందుకెండలేదని అడిగితే గడ్డిమేటు అడ్డమొచ్చిందని, గడ్డిమేటునడిగితే ఆవు మేయలేదని, ఆవునడిగితే గొల్లవాడు మేపలేదని, గొల్లవాణ్ణి అడిగితే అవ్వ బువ్వ పెట్టలేదని, అవ్వనడిగితే పిల్లవాడు ఏడ్చాడని, పిల్లవాణ్ణి అడిగితే చీమ కుట్టిందని సాగి, చివరకు చీమ ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అనడంతో ముగిసే ఆ కథ ఇంటికొక తీరున ఉంటుంది; మీ నాయనమ్మ చెప్పినట్టే నువ్వూ చెప్పు. ఇది కథగా కనిపించే నాటకం. అడిగేవాడు ఒకడు, బదులు చెప్పేవారు ఏడుగురు, అంటే ఎనిమిదిమంది పిల్లలకు ఎనిమిది పాత్రలు, ఒక్కొక్కరికీ ఒకే మాట. పిల్లలను వరుసగా నిలబెట్టి, అడిగేవాణ్ణి ఒక్కొక్కరి దగ్గరికీ నడిపించు. మొదటి ఆదివారం నువ్వే అడుగు, రెండో ఆదివారం పెద్దపిల్లల్లో ఒకరి చేత అడిగించు. మేయలేదు, మేపలేదు, పెట్టలేదు అని వరుసగా వినేసరికి వ్యాకరణం ఊసెత్తకుండానే లేదనడం ఎలాగో పిల్లలకు పట్టుబడుతుంది. చీమ వేషం మాత్రం అందరికన్నా చిన్నపిల్లకు ఇవ్వు. గడ్డిమేటు వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే, దానికి కదలకుండా నిలబడే ఓర్పు కావాలని చెప్పి చూడు, పోటీ పడతారు.

కథ అయ్యాక ‘దీనివల్ల తెలిసిన నీతి ఏమిటి?’ అని అడగవద్దు. ఆ ప్రశ్న వస్తుందని తెలిసిన పిల్లలు కథ వినడం మానేసి జవాబు కోసం వెతకడం మొదలుపెడతారు. అంతకన్నా మర్యాద రామన్న కథల్లో తీర్పుకు ముందు ఆగిపోయి, వాది ఒక పక్క, ప్రతివాది ఒక పక్క నిలబడి వాదించుకున్నాక, తీర్పు పిల్లలనే చెప్పమను. వాళ్ళు చెప్పే తీర్పు రామన్న తీర్పుకు భిన్నంగా ఉన్నా ఫరవాలేదు. తెనాలి రామలింగడు మరిగే పాలు పెట్టి పిల్లికి పాలంటేనే భయం పుట్టించిన కథ వేస్తే, పిల్లి మీద జాలిపడి రామలింగణ్ణి తప్పుపట్టే పిల్ల ఒకతె తప్పకుండా ఉంటుంది. ఆ మాటను తోసిపుచ్చకు. మన కథలతో మనవాళ్ళు ఎప్పుడూ వాదిస్తూనే వచ్చారు. కులాన్నో, రంగునో, అంగవైకల్యాన్నో ఎగతాళి చేసే కథలూ మనకు కొన్ని ఉన్నాయి. వాటిని పాతవన్న గౌరవంతో నెత్తిన పెట్టుకోనక్కరలేదు, నిస్సంకోచంగా వదిలెయ్యి. సవతితల్లి కథలను మాత్రం నీ తరగతిలో ఎవరి ఇల్లు ఎలాంటిదో తెలుసుకున్నాకే ఎంచుకో.

కథల తర్వాత తోలుబొమ్మలాట పెట్టుకో. సిగ్గరి పిల్లలను తెర వెనక నిలబెడితే వాళ్ళ గొంతు ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలును పలచగా, వెలుగు దూరేలా శుభ్రం చేసి, రంగులద్ది, చిల్లులు పొడిచి బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ బొమ్మల చిత్రాలు ముందుగా పిల్లలకు చూపించి, తర్వాత అట్టముక్కలతో తామే చేయమను. చేతులు, కాళ్ళు విడిగా కత్తిరించి కీళ్ళ దగ్గర దారంతో ముడివేయాలి, నగల చోట చిల్లులు పొడిచి వెనక రంగు జిలుగు కాగితం అతికించాలి. తెల్ల దుప్పటి బిగుతుగా కట్టి వెనక ఒకే ఒక దీపం పెట్టు. రెండు దీపాలుంటే నీడ రెండుగా చీలుతుంది. బొమ్మ తెరకు ఆనుకుని ఉంటే గీత గీసినట్టు కనిపిస్తుంది, దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. హనుమంతుడు పెరిగి సముద్రం దాటే ఘట్టానికి ఈ ఒక్క కిటుకు చాలు, పిల్లలు దాన్ని తామే కనిపెట్టే దాకా నువ్వు చెప్పకు. ఆటలో మధ్యమధ్య వచ్చే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాళ్ళను వదలవద్దు. వాళ్ళ పాత హాస్యం పెద్దలకు సరిపోయేది, పిల్లల ముందు పనికిరాదు; కానీ ఊళ్ళో జరిగేవాటి మీద చురకలు వేయడం వాళ్ళ హక్కు. మీ పిల్లల కేతిగాడు బడి బస్సు గురించి, అమ్మ డబ్బాలో పెట్టిన పులిహోర గురించి మాట్లాడవచ్చు. రామాయణం మధ్యలో డల్లాస్ ఎండ గురించి జోకు పడితే అపచారం కాదు, సంప్రదాయమే.

బుర్రకథకు కాస్త పెద్దపిల్లలు, అంటే పదేళ్ళు దాటినవాళ్ళు కావాలి. వంతల్లో ఒకరు హాస్యం పండిస్తే మరొకరు లోకంలో జరుగుతున్నదాన్ని కథలోకి లాక్కొస్తారు. ఈ పని మీ పిల్లలకు బాగా నప్పుతుంది. బుర్రకథ పితామహుడని లోకం పిలుచుకునే షేక్ నాజర్ ప్రజానాట్యమండలిలో పనిచేసినవాడు, పల్నాటి వీరుల కథను ఊరూరా చెప్పినవాడు, 1986లో పద్మశ్రీ అందుకున్నవాడు. ఆయన పేరు పిల్లలకు తప్పకుండా చెప్పు. మన సంస్కృతి అంటే ఒక మతంవాళ్ళదో, ఒక కులంవాళ్ళదో అన్న అభిప్రాయం పరాయిదేశంలో పెరిగే పిల్లలకు తేలిగ్గా పట్టుకుంటుంది; ఆయన కథ చెప్పాక దాని గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు. గుమ్మెటలు దొరక్కపోతే చిన్న డోలు ఏదైనా చాలు. బొబ్బిలి యుద్ధం లాంటి పెద్ద కథకు పోకుండా పది నిమిషాల్లో ముగిసే చిన్న ఘట్టం ఒకటి తీసుకుని, ‘తందాన తాన’ అనే వంత దగ్గర పిల్లలందరినీ అందుకోమను.

పాటల విషయంలో నీకూ నాకూ అభిప్రాయభేదం రావచ్చు. నువ్వు కర్ణాటక సంగీతం నేర్చుకున్నావు, సహజంగా సరళీస్వరాలతో మొదలుపెట్టాలనుకుంటావు. మాయామాళవగౌళలో సరళీస్వరాలు, జంటస్వరాలు, ఆపైన మలహరిలో పిళ్ళారి గీతాలు అనే దారి సంగీతం సాధన చేయదలచినవారికి ఎంతో మంచిది. కానీ ఆదివారం గుంపుకు అది తగదు. వాళ్ళకు చేతులు, కాళ్ళు కదిలే పాటలు కావాలి. సంక్రాంతికి గొబ్బి తట్టడం నేర్పు, దసరా ముందు బతుకమ్మ పేర్చడం నేర్పు. తంగేడు, గునుగు మీకు అక్కడ దొరకవు కదా అని ఆగిపోవద్దు. పెరట్లో పూసిన బంతిపూలు, చామంతులు పేర్చుకోవచ్చు. మీ దగ్గర కోస్తావాళ్ళు, తెలంగాణవాళ్ళు, సీమవాళ్ళు అందరూ ఉన్నారు కనుక గొబ్బి పాట తెలంగాణ పిల్లల చేత, బతుకమ్మ పాట కోస్తా పిల్లల చేత పాడించు. పెద్దవాళ్ళు నొసలు చిట్లిస్తే నా పేరు చెప్పు. కోలాటానికి మొదటి నెలంతా కర్రలు ఇవ్వకు. వట్టి చప్పట్లతో ఎదుటివారితో తాళం కలిశాకే కర్రలు చేతికివ్వాలి, లేకపోతే వేళ్ళు పచ్చడవుతాయి. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు భజనగా పదిమందీ కలిసి పాడుకోదగినవి కాబట్టి, గొంతులు కాస్త కుదిరాక వాటిలో ఒకటి ఎంచుకో. సినిమా పాట కావాలని పిల్లలు అడిగితే కాదనకు, కానీ పాట వినిపించే యంత్రాన్ని కట్టేసి వాళ్ళ గొంతుతోనే పాడించు.

ఉగాది సంబరాల వేదిక గురించి ఒక్క మాట. అద్దె వేషాలు, ముందే రికార్డు చేసిన మాటలకు పెదవులు కదిలించడం, బహుమతుల పోటీ, ఈ మూడూ పెట్టుకోవద్దు. మాట మరిచిపోయిన పిల్లకు పక్కనున్న పిల్ల అందించడం రికార్డు పెడితే కుదరదు.

మీ వీధిలో తమిళ, మరాఠీ, ఒడియా కుటుంబాల పిల్లలు కూడా వస్తామంటున్నారని రాశావు. రానివ్వు. భారతీయ సంస్కృతి మొత్తాన్నీ నువ్వే చెప్పాలని మాత్రం మీద వేసుకోకు. నీకు బాగా తెలిసింది తెలుగుది, దాన్నే లోతుగా చెప్పు. మిగతావి వాళ్ళ ఇళ్ళనుంచి రావాలి. తోలుబొమ్మల రామాయణం చేసినప్పుడు, ఒడిశాలో రావణఛాయ అని, కేరళలో తోల్పావకూత్తు అని ఇదే నీడలాట ఉన్న సంగతి చెప్పి, ఆ బొమ్మలు మన బొమ్మల కన్నా ఎలా వేరుగా ఉన్నాయో చూడమను. కేరళ ఆటకు తమిళంలోని కంబ రామాయణం ఆధారమని విని మీ తమిళ పొరుగింటావిడ ఆ పద్యాలలో ఒకటి చదివి వినిపిస్తే ఆ పూట తరగతి ఆమెదే.

ఆఖరుగా, వేసవిలో అమ్మమ్మలు, తాతయ్యలు ఆరేసి నెలలు ఉండడానికి అక్కడికి వస్తారు. చాలామందికి పగలంతా ఏం చేయాలో తోచదు. వాళ్ళలో ఎవరికి ఏ కథ, ఏ లాలిపాట, ఏ రోకటిపాట వచ్చో ముందుగా ఫోనులో కనుక్కుని, ఒక్కో ఆదివారం ఒక్కొక్కరిని కూర్చోబెట్టు. ‘నాకేం వచ్చమ్మా’ అని మొదట అందరూ అంటారు, దాన్ని పట్టించుకోకు. వాళ్ళు అనుమతిస్తే రికార్డు చేసి, ఆ పాట ఏ ఊరిదో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించు. ఒకే పాటకు ఇద్దరు అమ్మమ్మలు రెండు వరుసలు చెబితే ఏది సరైనదని తేల్చకుండా రెండూ రాసుకోమను. వచ్చే ఏడాది తరగతికి కావలసిన సామగ్రి అందులోనే దొరుకుతుంది.

ఆశీస్సులతో,
అత్తయ్య