మేనమామ ఇస్తే పన్ను లేదు, కానీ సంచితో తీసుకోకండి

ఇల్లు కొనుక్కోమని మేనమామ 8 లక్షలు నగదుగా ఇస్తానంటున్నారు, పన్ను కట్టాలా అని అడిగారు. రూపాయి కూడా కట్టనక్కరలేదు. అమ్మ తోడబుట్టినవాడు ఆదాయపు పన్ను చట్టానికి కూడా బంధువే, ఎంత ఇచ్చినా పన్ను ఉండదు. కానీ ఆ నగదు మాత్రం చేత్తో అందుకోకండి. 2017 ఏప్రిల్ నుంచి ఒకే మనిషి దగ్గర ఒకే సందర్భంలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్నవారికే. ఐదారు విడతలుగా తీసుకోమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. నోటీసు వచ్చిన రోజున వారిలో ఒక్కరూ మీ వెంట రారు.

2019లో మేము గుంటూరు బ్రాడీపేటలో ఫ్లాటు కొంటుంటే మా మామయ్య ప్రత్తిపాడు నుంచి 6 లక్షలు ఎరువుల సంచిలో పెట్టుకుని బస్సులో వచ్చారు. రెండేళ్లు మిరపకాయలు అమ్మి దాచిన డబ్బు. కట్టలకు సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. సంచి మూతి విప్పగానే ఘాటు గుప్పుమని మా పాప తుమ్ములు ఆపలేకపోయింది.

"మామయ్యా, ఇది మీ ఖాతాలో వేసుకుని అక్కడి నుంచి నాకు పంపండి" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది.

"నా చేత్తో ఇస్తే చెల్లదా అమ్మాయీ?"

ఆ పూట అన్నం కూడా తినలేదు. నాకు ఏడుపొచ్చింది, అయినా పట్టు విడవలేదు. మర్నాడు యార్డు బిల్లులు, పాన్ కార్డు పట్టుకుని ఆయన ఊరి బ్యాంకుకే వెళ్ళాం. డబ్బు నా ఖాతాలో పడ్డాక, మేనకోడలికి ప్రేమతో ఇచ్చాను, తిరిగి అడగను అని కాగితం రాయించాను. ఆ కాగితం ఇప్పటికీ ఇంటి దస్తావేజులతోనే ఉంది. మీరూ అలాగే రాయించుకోండి.

నన్ను ఈనాటికీ బాధించేది మరొకటి. ఆయన మోకాళ్ళ ఆపరేషన్‌కు నేను లక్షన్నర ఇద్దామనుకుంటే, మేనమామకు మేనకోడలు ఆ చట్టంలో బంధువు కాదని తెలిసింది. ఏడాదిలో 50 వేలు దాటితే ఇచ్చినదంతా ఆయన ఆదాయం కింద లెక్క. పెళ్ళిలో నన్ను బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చిన మనిషికి నేను ఏమీ కానా? ఈ నిబంధన మార్చాలి. చివరికి మా అమ్మే తన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి తమ్ముడికి పంపింది.