హైవే డ్యూటీకి పోయేముందు ఇది చదువు

చిట్టితల్లీ,

నీకు కావలి వైపు పోస్టింగ్ ఇచ్చారని మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మ అప్పుడే వీధంతా చెప్పుకొచ్చింది. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన నేను ఇకమీదట ఎస్‌ఐ అమ్మగారికి సెల్యూట్ కొట్టాలన్నమాట. కొడతాలే. కానీ ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. కావలి అనగానే నాకు ఊరు కాదు, హైవే గుర్తొస్తుంది.

స్టేషన్ పనులు అనంతపురం పోలీస్ ట్రైనింగ్ కాలేజీలో నేర్పే ఉంటారు. ఫిర్యాదు తీసుకో, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా చేతికివ్వు. మా పరిధి కాదని ఎవర్నీ తిప్పి పంపకు. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టంలో జీరో ఎఫ్‌ఐఆర్, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాసుకునే సంగతి, రాసే ఉంది, ఇక సాకు చెల్లదు. సాక్ష్యం కోసం ఆడవాళ్లను స్టేషన్‌కు పిలిపించకు, నువ్వే వాళ్లింటికి పో. కాగితాలన్నీ రాసిపెట్టే స్టేషన్ రైటర్‌తో గొడవ పెట్టుకోకు. వేళకు తిను.

ఇక హైవే. ఇప్పుడు పదహారు అంటున్నారు గానీ, దాన్ని ఐదో నంబరు రోడ్డు అనే రోజుల్లో మాకొక ఎస్‌ఐ ఉండేవాడు. పేరెందుకులే. మంచివాడే, ఒట్టి తొందర మనిషి. ఒకనాడు రాత్రి రెండు దాటాక తనిఖీ పెట్టాడు. వంతెన దిగీదిగగానే డ్రమ్ములు అడ్డం పెట్టించాడు. అక్కడైతే ఏ బండీ తప్పించుకోలేదని ఆయన లెక్క. పైనుంచి దిగే డ్రైవరుకు ఆ డ్రమ్ములు కనపడేసరికి బ్రేకు వేసే దూరం ఉండదని తట్టలేదు. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెతో లారీ వచ్చింది. అంత లోడు తొక్కగానే ఆగుతుందా? మా హోంగార్డు రోడ్డు మధ్యకు పోయి చెయ్యెత్తాడు. ఖాకీ చొక్కా చీకట్లో ఏం కనపడుతుంది? నేను జీపు దగ్గర బండ్ల నంబర్లు రాస్తున్నా. అతని టార్చి ఎగిరొచ్చి నా బూట్ల దగ్గర పడింది, వెలుగుతూనే ఉంది.

మనిషి బతికాడు. కుడికాలు తీసేశారు. హోంగార్డుకు డ్యూటీ చేసిన రోజుకే డబ్బులు. ఆయన భార్య చంటిబిడ్డతో స్టేషన్ అరుగు మీద కూర్చునేది. లారీ డ్రైవరు మీద కేసు కట్టారు. డ్రమ్ములు ఎక్కడ పెట్టారన్నది మాత్రం ఏ కాగితంలోనూ ఎక్కలేదు.

కాబట్టి బారికేడ్లు తిన్నటి రోడ్డు మీద, దూరం నుంచి కనపడేలా పెట్టించు. వాటికంటే ముందే మెరిసే లైట్లు ఉండాలి. బండికి ఎదురుగా నువ్వూ నిలబడొద్దు, నీ మనుషుల్నీ నిలబెట్టొద్దు. ఆపకుండా పోతే పోనీ! నంబరు రాసుకుని, దారిలో ముందుండే స్టేషన్‌కు చెప్పు, టోల్‌ప్లాజా కెమెరా ఎటూ ఉంది. వెంటపడ్డావని తెలిస్తే నేనే వచ్చి చెవి మెలేస్తా, ఎస్‌ఐవని కూడా చూడను. తెల్లవారుజామున డ్రైవర్లను ఆపితే ముందు నీళ్లిచ్చి మొహం కడుక్కోమను, కాగితాలు తర్వాత.

కసురుతున్నానని అనుకోకు తల్లీ. చిన్నప్పుడు రోడ్డు దాటాలంటే నా చిటికెనవేలు పట్టుకుంటే గానీ అడుగేసేదానివి కాదు. ఇప్పుడు ఆ రోడ్డు మీదే డ్యూటీ అంటే నాకు టెన్షన్ ఉండదా?

మెరిసే పట్టీల జాకెట్లు రెండు ఒంగోలులో కొని మీ నాన్న చేత పంపిస్తున్నా. ఒకటి నీకు, ఇంకోటి రాత్రి డ్యూటీలో నీతో ఉండే హోంగార్డుకు. వదులుగా ఉన్నాయని పక్కన పడేయకు, యూనిఫాం మీద వేసుకోవాలని కావాలనే పెద్ద సైజు తీసుకున్నా.

మీ పెదనాన్న